పొగ కోసం పొయ్యి

నా పేరు మురోయ. మా కమినాసె ఊళ్ళో మాత్రం ‘తోముడు మురోయ’ అంటేనే తెలుస్తుంది. ముప్పై ఐదేళ్ళుగా ఊరి మ్యూజియంలో పనిచేస్తున్నాను. మ్యూజియం అనగానే రాజుల కత్తులూ బంగారు బొమ్మలూ ఊహించుకోకండి. పిల్లలు లేక మూతబడ్డ బడి అది. ఆరు తరగతి గదుల నిండా ఊరివాళ్ళు వాడి వదిలేసిన సామాన్లు ఉంటాయి. బట్టలు రుద్దే చెక్కలు, పక్కలో పెట్టుకునే వేణ్ణీళ్ళ డబ్బాలు, నల్ల టెలిఫోన్లు, గడ్డితో అల్లిన మంచు బూట్లు, చిరుతిళ్ళ కొట్టు గాజు సీసాలు, పిల్లలు నేలకేసి కొట్టి ఆడుకునే అట్టబిళ్ళలు. ఏ వస్తువు మీద వేలు పెట్టి గీసినా దుమ్ము అంటదు. జిల్లాలోకెల్లా శుభ్రమైన మ్యూజియమని ఒకసారి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. రిటైరయ్యాక కూడా ఏడాదికేడాది కాంట్రాక్టు పొడిగించి నన్నే ఉంచుకున్నారంటే నా చదువు చూసి కాదు, ఆ జీతానికి ఇంత ఒళ్ళు వంచేవాడు ఇంకొకడు దొరక్క.

కిందటి శరదృతువులో ఇంజనీర్లు వచ్చి, ఈ కప్పు ఇంకో రెండు చలికాలాల మంచు మోయలేదని తేల్చారు. వసంతం రాగానే బడిని కూల్చేస్తారట. సామాన్లకి ఊరి కమ్యూనిటీ హాలు పై అంతస్తులో ఒకే ఒక్క గది ఇస్తామన్నారు. ఆరు గదుల సామాను ఒక్క గదిలోకి ఎలా వస్తుంది?

“ఒక్కో రకానికి ఒక్కటి ఉంచుదాం మురోయ గారూ” అన్నారు నగుమొ గారు. ఆవిడ విద్యాశాఖ సెక్షన్ అధికారి. నలభై ఏళ్ళు ఉంటాయేమో, మాట పట్టు గుడ్డలా ఉంటుంది, దాని లోపల మాత్రం ఎప్పుడూ ఒక స్కేలు బద్ద.

“మిగతావి?”

“మార్చి ఆఖరికి తుక్కు లారీ వస్తుంది.”

“ఏది ఉంచాలో, ఏది పంపాలో ఎవరు చెబుతారు?”

“కార్డులు చెబుతాయి. ఎవరిచ్చారు, ఎలా వాడారు అన్నది ఏ కార్డు మీద బాగా రాసుంటే ఆ వస్తువు ఉంటుంది. కథలేని వస్తువు బజార్లో కూడా దొరుకుతుంది కదండీ.”

న్యాయమైన మాటే అనిపించింది. కార్డుల సొరుగు తెరిచేదాకా అలాగే అనిపించింది.

ఆ కార్డులన్నీ నా చేతిరాతే. రంపం గురించి పేజీన్నర రాశాను. ఎలుగుబంట్లని వేటాడిన మనిషి సంచీ గురించి, ఏ కొండ ఎక్కాడో, ఏ ఏడు ఎంత మంచు కురిసిందో అంతా రాశాను. ఆడవాళ్ళు వాడిన వస్తువుల దగ్గరికి వచ్చేసరికి ‘ఇంటి వాడకం’ అని రెండు ముక్కలు గీకి పక్కన పడేశాను. కరెంటు కుక్కర్లు పదిహేడున్నాయి. పదహారింటి కార్డుల మీద ‘అన్నం వండుటకు’ అని ఉంది. పప్పు రుబ్బుటకు అని రాయలేదు, అంతవరకు నయం. పదిహేడో కార్డు మాత్రం రెండు పేజీలు. అది ఒకప్పటి డిప్యూటీ మేయర్ సెకిహారా గారిది. ఆయన మా ఆఫీసులో మూడు కప్పుల టీ తాగి, దాన్ని తను టోక్యో నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన వైనం చెబుతుంటే, నేను నోరు తెరుచుకుని రాసుకున్నాను.

అలా రాసినవాణ్ణి నేనే కాబట్టి సిగ్గు కూడా నాకే. పదహారు ఇళ్ళకీ ఫోన్లు మొదలుపెట్టాను. తొమ్మిది ఇళ్ళలో ఇచ్చినవాళ్ళు పోయారు. నాలుగు ఇళ్ళకి తాళాలు. ఇద్దరు మాత్రం “కుక్కర్‌కి కథేంటండీ, మీకేమైనా జ్వరమా?” అన్నారు. మిగిలింది ఒక్కటే. ఇచ్చినవారు: కొగురె సెయికిచి. వాడకం: అన్నం వండుటకు. స్థితి: చాలా శుభ్రం. సెయికిచి గారు పోయి పదకొండేళ్ళయింది. ఆయన భార్య ఫుమి గారికి తొంభై, కింది వాడలో కోడలి దగ్గర ఉంటున్నారు.

ఫిబ్రవరిలో, మంచు కిటికీల సగానికి వచ్చిన రోజున, బియ్యప్పిండి అప్పడాల పెట్టె ఒకటి పట్టుకుని వెళ్ళాను. కోడలు సతోయె గారు పనికి వెళ్ళారు. ఫుమి గారు ఒక్కరే దుప్పటి కప్పిన వెచ్చని బల్ల కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నాకు టీ పోసి, ఆకుకూర ఊరగాయ ముందుకు తోశారు.

“ఏంటయ్యా తోముడు మురోయా, ఇంత మంచులో వచ్చావు? మా ఇంట్లో తోమాల్సినవేం లేవే!”

వచ్చిన పని చెప్పాను. మార్చి ఆఖరులోపు మీరు ఏమైనా చెబితే కుక్కర్ నిలుస్తుంది, లేకపోతే తుక్కులోకి పోతుంది అన్నాను. ఫోటో చేతికిచ్చాను. ఆవిడ భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు.

“పోనీయవయ్యా. బతికుండగా ఎంత వండిందో అంత వండింది.”

“అలా అనకండి ఫుమి గారూ.”

“కార్డు మీద ఏం రాశావు? చదువు.”

చదివాను. మూడు లైన్లే కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు.

“సెయికిచి ఇచ్చాడా?” అన్నారు ఆవిడ. “సైకిలు వెనక కట్టుకుని దాన్ని నీ దగ్గరికి తెచ్చింది నేను. ఆ మహానుభావుడు బియ్యం కడగడం ఎరుగునా?”

“అప్పట్లో ఇంటి యజమాని పేరు రాసే అలవాటండీ.”

“సరే. ‘చాలా శుభ్రం’ అని రాశావే, ఎడమ పక్క మసి ఏమైంది?”

నాకు వెంటనే గుర్తుకు రాలేదు. తర్వాత గుర్తొచ్చి, చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను. ముప్పై నాలుగేళ్ళ కిందట ఈవిడ ఆ కుక్కర్ ఇచ్చేటప్పుడు మూడుసార్లు వంగి క్షమించమన్నారు. “ఓ పక్కంతా మురికండీ, ఎంత రుద్దినా పోలేదు, ఇలాంటిది ఇస్తున్నందుకు సిగ్గుగా ఉంది” అన్నారు. నేను “ఫర్వాలేదండీ, మేం చూసుకుంటాం” అన్నాను. మనిషి అంతగా సిగ్గుపడుతుంటే ఆ సిగ్గు తీసేయడం మర్యాద కదా! ఏడాది ఆఖరి ఇల్లుదులుపుడు రోజున, డిసెంబరు ఇరవై ఎనిమిదిన, పళ్ళపొడీ తడిగుడ్డా పెట్టి నాలుగు గంటలు కూర్చుని రుద్దాను. పాలమీగడలా తేలింది. ఆ సాయంత్రం నేనెంత సంతోషించానో చెప్పలేను.

“నేనే కడిగానండీ” అన్నాను.

“తెలుసు. చూశాను” అని ఆవిడ ఇంకో ముక్క ఊరగాయ నోట్లో వేసుకున్నారు. “కరెంటు కుక్కర్‌కి మసి ఎక్కడిదని ఒక్కసారైనా అనుకోలేదా?”

అనుకోలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అది అడగకుండా పళ్ళపొడి అందుకున్నాను.

అప్పుడు చెప్పారు ఫుమి గారు. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

“చలికాలం పనికని టోక్యో పోయి, మా ఆయన వచ్చేటప్పుడు తెచ్చాడు దాన్ని. అప్పటికి మా వాడలో అదే మొదటిది. మా అత్త చూసి, ‘మీట నొక్కి పడుకునే కోడల్ని నేను తెచ్చుకోలేదు’ అంది. గుడ్డ కప్పి అటక మీద పెట్టించింది. మా ఆయన మళ్ళీ చలికాలం పనికి పోయాడు. ఇక నేనూ, ఆవిడా, చంటిపిల్లాడూ. ఆవిడకి కీళ్ళ నొప్పులు, లోపలి గదిలో పడుకునే ఉండేది. కానీ కళ్ళు మాత్రం వంటింటి కప్పు మీది పొగకంత మీదే. తెల్లారుజామున నాలుగింటికల్లా పొగ లేవాలి. లేవలేదో, దగ్గు మొదలుపెట్టేది. ఆ దగ్గు రోగం దగ్గు కాదులే.”

“మరి కుక్కర్?”

“దించాను. ఓ రోజు పిల్లాడికి జ్వరం, రాత్రంతా నిద్రలేదు. పొయ్యి మీద అన్నమంటే పక్కనుంచి కదలకూడదు కదా, మంట తగ్గించాలి, పెంచాలి, పిల్లాడేడ్చినా మూత తీయకూడదు. ఇక నావల్ల కాక కుక్కర్‌లో బియ్యం పోసి మీట నొక్కాను. పొగ లేకపోతే ఆవిడ దగ్గుతుందని, పొయ్యిలో చిక్కుడు పాదుకి పాతిన కట్టెలు నాలుగు పెట్టి అంటించాను. తడివి. పొగే పొగ. ఆవిడ దగ్గలేదు.”

“ఒక్క రోజేనా?”

“ఆరేళ్ళు. ఆవిడ పోయేదాకా.”

పొమ్మనలేక పొగబెట్టారని సామెత. ఈవిడ పొగబెట్టింది తను కాసేపు కూర్చోవడానికి.

“వంటింట్లో ప్లగ్గు ఒక్కటే ఉండేది, పొయ్యి పక్కన” అని ఫుమి గారు చెప్పుకుపోయారు. “అందుకే కుక్కర్ ఎడమ పక్కంతా మసి. పండగలకి రుద్దేదాన్ని, రెండు రోజుల్లో మళ్ళీ పట్టేది. ఎవరైనా వస్తే ఆ పక్క గోడకి తిప్పేదాన్ని. మా అత్తకి మాడంటే ప్రాణం. కుక్కర్‌లో మాడు రాదు. అందుకని గుప్పెడు అన్నం పెనం మీద వేసి, సోయా చుక్క పోసి, పొయ్యి మీద మాడ్చి తీసుకెళ్ళేదాన్ని. ‘చూశావా, నిప్పు మీది అన్నం నిప్పు మీది అన్నమే’ అనేది నములుతూ.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“నవ్వుకేం గాని, ఆ అరగంట నాది. అన్నం దానంతటది ఉడికేది, పొగ దానంతటది పోయేది. నేను పొయ్యి ముందు పీట మీద కూర్చుని, లైబ్రరీ బండి తెచ్చిన పుస్తకాలు ఆ మంట వెలుగులో చదివేదాన్ని. పెళ్ళయిన ఇంట్లో నాకంటూ ఉన్న సమయం అదొక్కటే.”

“మీ అత్తగారికి తెలిసే ఊరుకున్నారేమో” అన్నాను, ఏదో మంచి మాట అనాలని.

“మీలాంటివాళ్ళు అలాగే అనుకుంటారు. తెలిసుంటే మా అత్త ఊరుకునే మనిషి కాదు. నేను దర్జాగా మోసం చేశాను, అంతే.”

ఇంకో విషయం కూడా చెప్పారు. మ్యూజియంలో ఆ కుక్కర్‌ని మొదటిసారి అందరికీ చూపించిన రోజున, కొత్త కోడలు సతోయెని వెంటబెట్టుకుని వచ్చారట. “అప్పుడా పిల్లకి నేనంటే హడలు. మాట్లాడితే తలొంచుకునేది. ఆ మసి చూపించి, నేనూ దొంగవేషాలు వేసిన కోడల్నే సుమా అని చెప్పి నవ్విద్దామనుకున్నా. తీరా వస్తే ఇంత తెల్లగా మెరుస్తోంది. పక్కన నువ్వు ఛాతీ విరుచుకుని నిలబడ్డావు. ఏం చేయను? ‘చాలా కష్టపడ్డారండీ’ అని వంగి దణ్ణం పెట్టి వచ్చేశాను.”

“ఇంటికి వెళ్ళాకైనా చెప్పాల్సింది.”

“ఏం చూపించి చెప్పను? అత్తగారు కథలల్లుతోంది అనుకుంటుంది. తర్వాత చెప్పే సందర్భం రాలేదు. ముప్పై నాలుగేళ్ళూ ఆ పిల్ల అలా భయపడుతూనే వండి పెట్టింది నాకు.”

మార్చి పన్నెండున, ఏవి ఉంచాలో తేల్చే కమిటీ కూర్చుంది. నగుమొ గారు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన, ఊరి పెద్ద ఒకాయన. బల్ల మీద రెండు కుక్కర్లు పెట్టాను, సెకిహారా గారిదీ ఫుమి గారిదీ. ఫుమి గారి కార్డు కొత్తగా మూడు పేజీలు రాశాను.

నగుమొ గారు చదివి పక్కవాళ్ళకి అందించారు. కుక్కర్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“బావుంది. కానీ మురోయ గారూ, సాక్ష్యం ఏదండీ? ఇంత తెల్లగా ఉంది. నిలబెట్టుకోవాలని ఇప్పుడు కల్పించి రాశారని ఎవరైనా అంటే?”

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. కాలక్రమాన మసి పోయిందనొచ్చు. అలా అంటే నా ప్రశంసాపత్రం గోడ మీద క్షేమంగా ఉంటుంది. కుక్కర్ మాత్రం లారీ ఎక్కుతుంది.

“సాక్ష్యాన్ని నేనే కడిగేశానండీ” అన్నాను. “నాలుగు గంటలు రుద్దాను. ఆ ఒక్కదాన్నే కాదు. ఆరు గదుల్లోనూ ఏ వస్తువు మీదైనా వాడినవాళ్ళ చేతి జిడ్డు మిగలనివ్వలేదు. దుకాణంలో సామాన్లలా పెట్టాను. నాకు తెలీలేదు.”

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ గడియారం చూశాను. పదకొండూ ఇరవై.

ప్రొఫెసర్ గారు సెకిహారా గారి కార్డు రెండు పేజీలూ తిరగేసి, “ఇందులో అన్నం వండింది ఎవరు?” అని అడిగారు.

రైలు పేరుంది, సీటు నంబరుంది, కుక్కర్ దిగినప్పుడు స్టేషన్ మాస్టర్ అన్న మాటుంది. వండిన మనిషి లేదు. ఆ ఇంట్లో ఆడమనిషి ఎవరో కూడా నేను అడగలేదు. తెలియదన్నాను.

నగుమొ గారు తన పెన్ను నా వైపు జరిపారు. “స్థితి అన్న గడిలో మీరిప్పుడు చెప్పింది రాయండి. తేదీ, పేరూ కూడా.”

రాశాను. ‘ఎడమ పక్క పొయ్యి మసి ఉండేది. ఉద్యోగి మురోయ షిగెయో డిసెంబరు ఇరవై ఎనిమిదిన కడిగివేసెను.’ ఫుమి గారి కుక్కర్ ఉంది. సెకిహారా గారిది మిగతా పదిహేనింటితో కలిసి వెళ్ళింది. లారీ వచ్చిన రోజు దానికి కూడా ఒక దణ్ణం పెట్టాను, తప్పు దానిది కాదు కాబట్టి.

కమ్యూనిటీ హాలు గది ఏప్రిల్ ఆఖరున తెరిచారు. చెర్రీ పూలు మా కొండల్లో అప్పటికి గానీ రావు. ఫుమి గారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సతోయె గారు తోసుకొచ్చారు. అత్తగారు ఇంటి దగ్గర ఏమీ చెప్పలేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. “ఏదో కుక్కర్ చూడాలట, వారం నుంచి ఒకటే గోల” అన్నారు నాతో.

కుక్కర్ ఉన్న గాజు బీరువా తలుపు తీశాను. కార్డు ప్రతి ఒకటి సతోయె గారికి ఇచ్చి, పైకి చదవమన్నాను. ఇచ్చినవారు: కొగురె ఫుమి. ఆవిడ చదవడం మొదలుపెట్టారు. చిక్కుడు కట్టెల దగ్గర అదే వాక్యం రెండుసార్లు చదివారు. మాడ్చిన గుప్పెడు అన్నం దగ్గర ఆగి, అత్తగారి వైపు చూశారు. ఫుమి గారు కుక్కర్ వైపే చూస్తున్నారు. ఆ చేతులు ఒళ్ళో దుప్పటి అంచుని నలుపుతున్నాయి. తొంభై ఏళ్ళ మనిషి అలా భయపడటం నేను ఎక్కడా చూడలేదు.

చదవడం అయింది. సతోయె గారు కాగితం మడిచారు.

“అత్తయ్యా, నేనూ ఒకటి చెప్పాలి.”

“ఏంటే?”

“పొద్దున్నే నేను చెక్కలా ఎండిన చేపముక్క గీకేదాన్ని కదా, చారులోకి. బ్లేడు బిగించిన చిత్రిక పెట్టె మీద, కరకరమని.”

“ఆఁ. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.”

“అది ఉత్త చప్పుడే. చారులో వేసింది కొట్లో పొడి.”

ఫుమి గారి నోరు తెరుచుకుంది. “ఎన్నాళ్ళు?”

“మీ చెవులు మందగించేదాకా. ఇరవై ఏళ్ళు.”

“మరి గీకింది?”

“పైపైన ఆడించేదాన్ని. ఒక్కో ముక్క మూడేళ్ళొచ్చేది.”

ఫుమి గారు కోడల్ని పైనుంచి కిందకి చూశారు, అప్పుడే ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు.

“రోజూ బావుందనేదాన్ని కదే దాన్ని!”

“అనేవారు. అన్నప్పుడల్లా నా గుండె ఆగిపోయేది.”

ఫుమి గారి భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నారేమోనని నేను రెండడుగులు ముందుకేశాను. నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, కళ్ళ నీళ్ళు కారేటట్టు. సతోయె గారు కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, అత్తగారి మోకాలి మీద తల పెట్టి తనూ అలాగే నవ్వారు. నాకు కళ్ళు తడిశాయి. పక్కకి తిరిగి గాజు తుడుస్తున్నట్టు నటించాను.

“ఆ పెట్టె ఉందా?” అన్నారు ఫుమి గారు చివరికి.

“ఉంది, గిడ్డంగిలో.”

“ఈయనకియ్యి.”

ఈ ఏడాది కొత్త వస్తువులు తీసుకోకూడదని నియమం. నగుమొ గారికి ఏం చెప్పాలో తర్వాత చూసుకుందామనుకుని, “ఇవ్వండి” అన్నాను.

“అయ్యో, జిడ్డు కారుతూ ఉంటుందండీ” అని సతోయె గారు కంగారుగా లేచారు. “శుభ్రంగా కడిగి, ఎండబెట్టి తెస్తాను.”

“వద్దు!” అని అరిచాను. మ్యూజియంలో నేను అరవడం అదే మొదలు. “కడగొద్దు. దులపొద్దు కూడా. రేపు నేనే వచ్చి ఎలా ఉన్నది అలా తీసుకెళతాను.”

“వస్తే రానీ గాని, ఈయన చేతికి మాత్రం గుడ్డ ఇవ్వకే” అన్నారు ఫుమి గారు.